ముడి విప్పారు సరే... ముడత మాటేంటి?

పెళ్లిలో ఓసారి, ఇంటర్వ్యూకి మరోసారి... చాలా ఇళ్లలో టై బయటికొచ్చేది ఏడాదికి రెండు మూడుసార్లే. మిగతా రోజులన్నీ బీరువాలోనే దాని కాపురం. అక్కడ దాన్ని ఎలా ఉంచామన్నదాన్ని బట్టే మెడలోకి వచ్చిన రోజు దాని దర్జా!

ఉదయం ఎనిమిదయింది. పదింటికి ఇంటర్వ్యూ. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించి ఉంది. బూట్లు తళతళలాడుతున్నాయి. సర్టిఫికెట్ల ఫైలు సర్దేశారు. ఇక మిగిలింది టై ఒక్కటే. 'నాన్న పెళ్లిలో కట్టుకున్న పట్టు టై ఉందిగా, అదే కట్టుకో' అంది అమ్మ. బీరువా కింది అరలో, పాత స్వెట్టర్ల అడుగున, నాలుగు మడతలేసిన టై దొరికింది. విప్పి చూస్తే అడ్డంగా మూడు గీతలు. చొక్కా చేసిన వేడిమీదే ఇస్త్రీపెట్టె తెచ్చి గట్టిగా నొక్కారు. ముడత పోయింది. దాంతోపాటే టై అందమూ పోయింది! గుండ్రంగా ఉండాల్సిన అంచులు అట్టముక్కలా చదునైపోయాయి. వెనకవైపు కుట్టు ముందుకు గీతలా అచ్చు పడింది. పట్టు మెరుపు పోయి ఒకచోట జిడ్డు నిగనిగ వచ్చింది. పాతికేళ్లు దాచుకున్న గుర్తు... పాతిక సెకన్లలో పాడైంది.

ఇలాంటి ఉదయం రాకూడదనే ప్రపంచంలో ఎందరో బుర్రలు బద్దలుకొట్టుకున్నారు. పలకల మధ్య బిగించేవి, కొక్కేలకు తగిలించేవి, మీట నొక్కితే గుండ్రంగా తిరిగేవి, సూట్‌కేసులో పట్టేవి... టైని భద్రపరచడానికి రకరకాల సాధనాలు పుట్టుకొచ్చాయి. గుడ్డపేలికంత టైకి ఇంత హంగామా అవసరమా అనిపించొచ్చు. అవసరమే. ఎందుకంటే టై అన్ని బట్టల్లాంటిది కాదు.

సైనికుడి మెడలోంచి...

మెడకు గుడ్డ చుట్టుకోవడం కొత్తేమీ కాదు. చైనాలోని షియాన్‌ దగ్గర 1974లో బయటపడ్డ మట్టి సైనికుల బొమ్మల మెడల్లోనూ, రోమ్‌లోని ట్రాజన్‌ స్తంభం మీద చెక్కిన సైనికుల మెడల్లోనూ గుడ్డలు కనిపిస్తాయి. కానీ ఇప్పటి టైకి తాత మాత్రం 17వ శతాబ్దపు క్రొయేషియా సైనికుడే. 1618 నుంచి 1648 దాకా ఐరోపాలో సాగిన ముప్ఫై ఏళ్ల యుద్ధంలో ఫ్రాన్స్‌ తరఫున పోరాడటానికి వాళ్లొచ్చారు. మెడలో వాళ్లు కట్టుకున్న రుమాలు ఫ్రెంచివాళ్లకు తెగ నచ్చేసింది. 'క్రొయేట్‌' అన్న మాటలోంచే 'క్రవాత్‌' అనే పేరు పుట్టింది. అక్కణ్నుంచి అది రాజుల మెడల్లోకి, ఆపైన ఐరోపా అంతటికీ పాకింది. ఆ గౌరవాన్ని క్రొయేషియా ఇప్పటికీ మరిచిపోలేదు. 2003 అక్టోబరు 18న పూలా పట్టణంలోని రోమన్ల కాలంనాటి రంగస్థలానికి 800 మీటర్లకు పైగా పొడవున్న ఎర్రటి టై చుట్టారు. 2008లో అక్కడి పార్లమెంటు ఆ తేదీనే 'క్రవాత్‌ దినం'గా ప్రకటించింది.

మనవాళ్లలోనూ టై మోజు తక్కువేం కాదు. 1888లో బారిస్టరు చదువుకు లండన్‌ వెళ్లిన మోహన్‌దాస్‌ గాంధీ, టై కట్టుకోవడం అక్కడే నేర్చుకున్నారు. పెద్ద నిలువుటద్దం ముందు నిలబడి టై సరిచేసుకుంటూ, తల దువ్వుకుంటూ రోజూ పది నిమిషాలు వృథా చేసేవాడినని ఆత్మకథలో ఆయనే చెప్పుకున్నారు. ఆ గాంధీయే 1921లో మదురైలో చొక్కా కూడా వదిలేసి కొల్లాయి కట్టారు.

ఏటవాలులోనే ఉంది కిటుకు

ఒకప్పుడు టైని గుడ్డ పొడవునా నిలువుగా కత్తిరించేవారు. నాలుగుసార్లు కట్టి విప్పితే చాలు, మెలికలు తిరిగిపోయేది. ముడి దగ్గర పడ్డ ముడత పోయేది కాదు. 1920ల్లో న్యూయార్క్‌కు చెందిన జెస్సీ లాంగ్స్‌డార్ఫ్‌ అనే టైల తయారీదారు దీనికి విరుగుడు కనిపెట్టాడు. గుడ్డను నిలువుగా కాకుండా 45 డిగ్రీల ఏటవాలుగా కత్తిరించి, మూడు ముక్కలుగా కలిపి కుట్టాడు. దానికి పేటెంటూ తీసుకున్నాడు. చేతిరుమాలును అంచులు పట్టుకుని లాగితే సాగదు. అదే ఎదురెదురు మూలలు పట్టుకుని లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. ఏటవాలు కోతలో ఉన్న రహస్యం ఇదే. నేటికీ మంచి టైలన్నీ ఈ పద్ధతిలోనే తయారవుతున్నాయి.

పైకి ఒకటే గుడ్డలా కనిపించే టైలో నిజానికి మూడు పొరలుంటాయి. పైన పట్టు. లోపల ఉన్నితోనో, ఉన్ని కలిసిన నూలుతోనో చేసిన గట్టి పొర. చివర్లలో అస్తరు. వీటన్నిటినీ వెనకవైపు పొడవునా ఒకే ఒక్క దారంతో వదులుగా కుడతారు. టైని లాగినప్పుడు ఈ దారం మీద గుడ్డ జారుతుంది, వదలగానే మళ్లీ తన చోటుకి వస్తుంది. చేత్తో కుట్టిన టై వెనక్కి తిప్పి వెడల్పు కొస లోపల చూస్తే ఈ దారం చివర చిన్న ఉచ్చులా కనిపిస్తుంది. అది ఊడిపోయిన దారం అనుకుని కత్తిరించేవాళ్లూ ఉన్నారు. అలా చేశారో... టై ప్రాణం తీసినట్టే!

ముడత ఎందుకు పడుతుందంటే...

పట్టు ఓ ప్రొటీను. మన జుట్టు లాగే. తడిజుట్టుతో పడుకుంటే పొద్దునకి అది ఎటు నొక్కుకుంటే అటే నిలబడిపోతుంది కదా. పట్టుకూ అదే జబ్బు. పోగుల్లోని అణువుల గొలుసులను హైడ్రోజన్‌ బంధాలు పట్టి ఉంచుతాయి. చెమట, గాలిలోని తేమ, ఒంటి వేడి తగిలినప్పుడు ఆ బంధాలు సడలుతాయి. ఆ సమయంలో గుడ్డ ఏ ఆకారంలో ఉంటే, ఆరిన తర్వాత బంధాలు ఆ ఆకారంలోనే మళ్లీ బిగుసుకుంటాయి. రోజంతా మెడ దగ్గర బిగిసి ఉన్న ముడి చేసే పని ఇదే. ఆ ముడిని విప్పకుండా తలమీదుగా తీసి మేకుకి తగిలిస్తే, రాత్రంతా ఆ ముడత గట్టిపడటానికి మనమే సాయం చేసినట్టు.

ఇందులోనే మందు కూడా ఉంది. తేమ వల్ల పడిన ముడతను తేమే తీస్తుంది. లోపలి ఉన్నిపొర స్ప్రింగులా పనిచేసి గుడ్డను యథాస్థితికి తెస్తుంది. కావాల్సింది కాస్త సమయం, కాస్త చోటు. టైలు దాచే సాధనాలన్నీ ఇచ్చేది ఆ రెండే.

పలకల నుంచి బ్యాటరీల దాకా...

పాతకాలపు సాధనం టై ప్రెస్సు. రెండు నున్నటి చెక్కపలకల మధ్య టైని పరిచి మరలు బిగించేవారు. వేడి లేకుండా, బరువుతోనే ముడతను సాగదీయడం దీని పద్ధతి. అయితే మరీ బిగిస్తే అంచులు చదునైపోతాయి.

తర్వాతిది టై ర్యాకు. గోడకో, బీరువా తలుపు లోపలి వైపుకో బిగించే పట్టీకి వరసగా కొక్కేలుంటాయి. ఒక్కో కొక్కేనికి ఒక్కో టై. ఏది ఎక్కడుందో ఇట్టే కనబడుతుంది. హ్యాంగర్లలోనూ టైల కోసం ప్రత్యేకంగా అడ్డకడ్డీలున్నవి వచ్చాయి. కడ్డీలకు రబ్బరు పూతో, మఖ్మల్‌ తొడుగో ఉంటే టై జారదు. కొనేటప్పుడు చూడాల్సింది కడ్డీ లావు. సన్నటి తీగ మీద వేస్తే మధ్యలో కొత్త ముడత పడుతుంది. వేలి లావు ఉంటే మేలు.

టైలు ఎక్కువున్నవారి కోసం బ్యాటరీలతో తిరిగే ర్యాకులొచ్చాయి. బీరువా కడ్డీకి తగిలించి మీట నొక్కితే టైలన్నీ గొలుసుకట్టుగా కదులుతూ ఒక్కోటీ కళ్లముందుకు వస్తాయి. కొన్నింటికి చిన్న దీపం కూడా ఉంటుంది... రంగు పోల్చుకోవడానికి. ఐదారు టైలున్న ఇంటికి మాత్రం ఇది ఆడంబరమే.

ప్రయాణాలు చేసేవారికి రెండు రకాల పెట్టెలున్నాయి. ఒకటి టైని పొడవుగా పరిచి మధ్యలో ఒక్కసారి మాత్రమే మడిచే జిప్పు కేసు. రెండోది చుట్టగా చుట్టి పెట్టే గుండ్రటి డబ్బా. సూట్‌కేసులో ఎన్ని బట్టలు మీద పడినా లోపలి టై నలగదు. వీటిలోనూ పెట్టెలో పట్టీ వదులుగా ఉండేదాన్నే ఎంచుకోవాలి. బిగుతు సాగే పట్టీ తన గుర్తును టై మీద వదిలేస్తుంది.

వేలాడదీయాలా? చుట్టాలా?

రోజూ టై కట్టేవారికీ, ఏడాదికోసారి కట్టేవారికీ ఒకే మందు పనిచేయదు. రోజూ కట్టే మెడికల్‌ రిప్రజెంటేటివో, హోటల్‌ ఉద్యోగో అయితే వేలాడదీయడమే మంచిది. రాత్రి తగిలిస్తే పొద్దునకి బరువుకు తనంతట తానే సాగుతుంది. ఒకే టైని వరసగా రెండు రోజులు కట్టకపోతే ఇంకా మంచిది.

అరుదుగా కట్టేవారైతే మొదట ఒకటి రెండు రోజులు వేలాడదీసి, ముడత పోయాక సన్నటి కొస నుంచి వదులుగా చుట్టి పెట్టుకోవాలి. అల్లిక టైలను మాత్రం ఎప్పుడూ వేలాడదీయకూడదు. సొంత బరువుకే సాగిపోతాయి. వాటిని చుట్టాల్సిందే.

పట్టుచీరలు దాచే అమ్మలకు ఈ శాస్త్రం కొత్త కాదు. నెలల తరబడి ఒకే మడత మీద ఉంటే పట్టు అక్కడే చిరుగుతుందని, అప్పుడప్పుడూ తీసి మడత మార్చాలని వాళ్లకు తెలుసు. టైకీ అదే సూత్రం. వానాకాలంలో బీరువాలో చెమ్మ చేరితే బూజు పడుతుంది. కాబట్టి ఎండ తగలని చోట గాలికి ఆరబెట్టి మళ్లీ చుట్టాలి. కలరా ఉండలు టైని అంటుకోకుండా గుడ్డమూటలో కట్టి పెట్టాలి. గాలాడని ప్లాస్టిక్‌ కవరు కంటే పాత నూలుగుడ్డ నయం.

గాజుల స్టాండు చాలదూ!

ఇన్నీ చదివాక వేలు పోసి ర్యాకు కొనాలేమో అనుకోనక్కర్లేదు. మంచి టై ర్యాకు చాలామంది ఇళ్లలో ఇప్పటికే ఉంది. అదే గాజుల స్టాండు! అడ్డంగా ఉండే ఆ గుండ్రటి చెక్కకడ్డీలు టైకి సరిగ్గా కావాల్సిన లావులో ఉంటాయి. స్టాండు మరీ పొట్టిదైతే అర మీద పెట్టి కొసలు కిందికి వేలాడేలా చూసుకుంటే సరి. చీర చుట్టి తెచ్చిన అట్టగొట్టాన్ని చిన్న ముక్కలుగా కోసి, మీద నూలుగుడ్డ అంటించి, ఒక్కోదానికి ఒక్కో టై చుట్టి సొరుగులో నిలబెడితే దుకాణంలో అమ్మే డబ్బాకేమీ తీసిపోదు. ప్రయాణంలో అయితే చుట్టిన టైని బూటులో పెట్టిన శుభ్రమైన సాక్సు లోపల దాచేయొచ్చు. నలగదు, పోదు.

ముడత పడిపోయిందా...

* ముడి విప్పేటప్పుడు సన్నటి కొసను సర్రున లాగేయకూడదు. కట్టిన వరసకు ఎదురువరసలో నెమ్మదిగా విప్పాలి.

* స్నానాలగదిలో బకెట్‌ నిండా వేడినీళ్లు పెట్టి, తలుపేసి, టైని ఎత్తుగా తగిలిస్తే ఆవిరికి చాలా ముడతలు పోతాయి. నీటిచుక్కలు మాత్రం మీద పడకూడదు. పట్టు మీద మరకగా మిగులుతాయి.

* ఇస్త్రీ తప్పనిసరైతే టై ఆకారంలో కత్తిరించిన అట్టను లోపలికి దూర్చి, పైన తెల్లటి నూలుగుడ్డ పరిచి, తక్కువ వేడిలో తాకీతాకనట్టు పెట్టాలి. అంచుల జోలికి పోకూడదు.

* సాంబారు, నూనె చుక్కలు పడితే నీళ్లతో రుద్దొద్దు. టాల్కం పౌడర్‌ చల్లి కొన్ని గంటలు వదిలేస్తే నూనెను పీలుస్తుంది. మిగతా పని డ్రైక్లీనింగ్‌ వాళ్లకు అప్పగించాలి, వెడల్పు అంచులను నొక్కొద్దని చెప్పి మరీ!

85 ముళ్లు!

టైని ఎన్ని రకాలుగా కట్టొచ్చు? కేంబ్రిడ్జిలో పనిచేసిన థామస్‌ ఫింక్‌, యోంగ్‌ మావో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్కకట్టి 85 రకాలని తేల్చారు. 1999లో పుస్తకం కూడా రాశారు. 2015లో మరికొందరు గణితజ్ఞులు నిబంధనలు కాస్త సడలించి లెక్కేస్తే ఆ సంఖ్య 2,66,682కి చేరింది! ఎన్ని ముళ్లేసినా విప్పాక పడే ముడత మాత్రం ఒక్కటే.

టై రోజులు పోతున్నాయన్న మాట నిజమే. కరెంటు ఆదా కోసం వేసవిలో టైలు తీసేసి ఆఫీసులకు రమ్మని జపాన్‌ ప్రభుత్వం 2005లోనే పిలుపునిచ్చింది. 2020లో కరోనా వచ్చి, ఇంటి నుంచే పని మొదలయ్యాక ఎన్నో మెడలకు విముక్తి దొరికింది. అయితే వాడకం తగ్గిన వస్తువుకే దాచుకోవడంలో శ్రద్ధ ఎక్కువ కావాలి. రోజూ కట్టే టై పాడైతే మరోటి కొనుక్కుంటాం. నాన్న పెళ్లినాటి టైని మళ్లీ ఎక్కడ కొంటాం? అందుకే ఈ ఆదివారం ఓసారి బీరువా అడుగు అర తీసి చూడండి. నాలుగు మడతల కింద ఏదైనా టై ఊపిరాడక ఉందేమో... తీసి గాజుల స్టాండుకి తగిలించండి. మీ అబ్బాయి ఇంటర్వ్యూ రోజుకి అది సిద్ధంగా ఉంటుంది!