ఛాయాచిత్రకారుని విసుగు, అలసట

మాఘమాసం ప్రవేశించిందంటే మహబూబాబాదులో ఫోటో స్టూడియోల వారికి తీరిక ఉండదు. చుట్టుపట్ల పల్లెల నుండి, తండాల నుండి పెళ్ళిళ్ళకు పిలుపులు వస్తాయి. ఒక ముహూర్తం తెల్లవారుజామున, మరొకటి ఆ పగలే, వేరొక ఊరిలో. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు: ఘట్టాలు అవే, వరుస అదే, నిలబడే చోటు కూడా అదే. ఫాల్గుణం, వైశాఖం గడచి జ్యేష్ఠం ముగిసేసరికి కామెరాను చూస్తేనే మొహం మొత్తుతుంది. చిన్ననాడు సాలెగూటిపై మంచుబిందువులను చిత్రించడానికి చీకటి ఉండగానే చెరువుగట్టుకు పరుగెత్తిన మనిషే, ఇప్పుడు సొంత బిడ్డ పుట్టినరోజుకు కూడా కామెరా సంచి విప్పడు. "ఈ విద్య మీద నాకు మక్కువ పోయింది" అనుకొని కామెరాను అమ్మివేసేవారు కూడా ఉన్నారు.

మక్కువ నిజంగా పోయిందా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పేముందు రెండు విషయాలను విడదీయవలసి ఉన్నది. మొదటిది విసుగు. రెండవది అలసట, అంటే ఒక రాత్రి నిద్రతో తీరే బడలిక కాదు, నెలల తరబడి పేరుకొన్న వృత్తిశ్రాంతి. బయటికి రెండూ ఒకేలాగ కనిపిస్తాయి. కాని వాటి పుట్టుక వేరు, చికిత్స వేరు. ఒకదాని మందును మరొకదానికి వాడడం వల్లనే పెక్కుమంది చిక్కులలో పడుతున్నారు.

ముందుగా విసుగు సంగతి. దీని మూలం చాలావరకు మన నాడీమండల నిర్మాణంలోనే ఉన్నది. తెల్లకాగితం నడుమ పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి, దానికి నాలుగంగుళాల దూరంలో రంగు సుద్దతో అంచులు మసకగా ఉండేటట్లు ఒక మచ్చ వేయండి. ఒక కన్ను మూసి, రెండవ కంటితో ఆ గుర్తునే రెప్ప వేయకుండా చూడాలి. కొన్ని క్షణాలలో పక్కనున్న మచ్చ పలచబడి మాయమవుతుంది! చూపు కదిలించగానే మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. స్విట్జర్లండు వైద్యుడు ట్రాక్స్లర్ ఈ వింతను 1804 లోనే వర్ణించాడు. 1950 తరువాత కొన్ని ఏండ్లలో ఇంగ్లండులో డిచ్‌బర్న్, అమెరికాలో రిగ్స్, వారి సహచరులు ఇంకొక అడుగు ముందుకు వేశారు. కనుగుడ్డుకు అంటుకొని ఉండే కటకానికి చిన్న అద్దం అమర్చి, కన్ను ఎటు కదిలితే చూచే బొమ్మ కూడా అటే కదిలేటట్లు చేశారు. బొమ్మ నేత్రపటలం మీద ఒకేచోట నిలిచిపోయింది. కొద్ది సెకండ్లలో అది కనిపించడమే మానివేసింది. మామూలుగా మన కళ్ళు నిరంతరం సూక్ష్మంగా కదులుతూ ఉండడం వల్లనే లోకం మనకు కనబడుతూ ఉన్నది. కంటికి కావలసింది వెలుతురు మాత్రమే కాదు, మార్పు.

కంటికే కాదు, నాడులన్నిటికీ ఇదే స్వభావం. వర్షాకాలంలో దొరికే నత్తను ఒక చెక్కపలక మీద పాకనిచ్చి, పలకను వేలితో మెల్లగా తట్టితే అది కొమ్ములు లోపలికి ముడుచుకొంటుంది. తడుతూనే ఉంటే కొంతసేపటికి లక్ష్యపెట్టదు. సముద్రంలో ఉండే ఏప్లిజియా అనే జీవిపై ఇటువంటి పరీక్షలు చేసి ఎరిక్ కాండెల్ ఇందులోని మర్మాన్ని బయటపెట్టాడు. ఒకే స్పర్శ పదేపదే తగిలితే, స్పర్శను తెలిపే నాడీకణం తన పక్క కణానికి అందించే రసాయన సందేశం తగ్గిపోతుంది. అపాయం లేని సంగతికి ప్రతిసారీ ఉలికిపడడం ప్రాణికి దండుగ గదా! జ్ఞాపకశక్తికి సంబంధించిన ఈ పరిశోధనలకు గాను కాండెల్‌కు 2000 లో నోబెల్ బహుమానంలో భాగం లభించింది. ఇక్కడ మరొక విశేషం కూడా ఉన్నది. అలవాటుపడి ఊరకున్న ఆ జీవికి తోకమీద గట్టిగా తగిలిస్తే, పాత స్పర్శకు కూడా మళ్ళీ స్పందిస్తుంది. అంటే శక్తి నశించలేదు, అణగి ఉన్నదంతే.

మనిషి విషయంలో దీనికి మరొక మెలిక తోడవుతుంది. షుల్ట్స్ అనే శాస్త్రజ్ఞుడు కోతుల మెదడులో డోపమిన్ అనే పదార్థాన్ని వెలువరించే కణాలను పరిశీలించాడు. అనుకోకుండా పండ్లరసం నోట పడితే ఆ కణాలు చురుకుగా స్పందించాయి. దీపం వెలిగిన తరువాత రసం వస్తుందని కోతి నేర్చుకొన్నాక, దీపానికి స్పందించాయి గాని రసానికి స్పందించలేదు. రసం వస్తుందనుకొన్న వేళ రాకపోతే మాత్రం వాటి పని తగ్గిపోయింది. ఈ కణాలు కొలిచేది రసాన్ని కాదు. అనుకొన్నదానికి, జరిగినదానికి మధ్య ఉన్న తేడాను. దీనిని పెళ్ళిపందిరికి అన్వయించి చూడవచ్చును. తలంబ్రాలు పోసేవేళ ఎక్కడ నిలబడితే ఎటువంటి బొమ్మ వస్తుందో ఆ చిత్రకారునికి మీట నొక్కకముందే తెలుసు. వచ్చిన బొమ్మ బాగానే ఉంటుంది. అందులో అతనికి తెలియనిది ఏమీ ఉండదు.

విసుగు పుట్టినవారు సాధారణంగా చేసే పని కొత్త కటకం కొనడం, లేదా దూరదేశం వెళ్ళిరావడం. ఇది తోకమీద తగిలించిన దెబ్బ వంటిది. కొన్ని వారాలు ఉత్సాహం వస్తుంది, తరువాత కటకానికి కూడా అలవాటుపడిపోతాము. (కామెరాలు అమ్మేవారికి ఈ సంగతి శాస్త్రజ్ఞులకంటె ముందే తెలిసినట్లున్నది.) అంతకంటె నిలకడైన మార్గం వస్తువును మార్చకుండా ప్రశ్నను మార్చడం.

పాలంపేటలోని రామప్ప గుడినే తీసుకొందాం. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213 లో కట్టించిన ఈ ఆలయం 2019 వరకు భూపాలపల్లి జిల్లాలో ఉండి, ఇప్పుడు ములుగు జిల్లాలో చేరింది. 2021 లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ జాబితాలోకి తీసుకొన్నది. వచ్చినవారందరూ నందిని ఒకేవైపు నుండి, చూరుకింది మదనికలను ఒకే కోణం నుండి చిత్రించుకొని వెళ్ళిపోతారు. రెండవసారి వచ్చినవారికి అక్కడ తీయడానికి ఏమీ మిగలలేదనిపిస్తుంది.

కాని ఆ గుడిలో రెండు విధాల రాయి ఉన్నది. గోడలు ఎర్రని ఇసుకరాయి. మదనికలు నునుపుదేరిన నల్లరాయి. ఇసుకరాయి గరుకుగా ఉంటుంది కనుక తనపై పడిన వెలుతురును అన్నివైపులకూ వెదజల్లుతుంది. ఎటునుండి చూచినా ఇంచుమించు ఒకే కాంతి. మెరుగుపెట్టిన నల్లరాయి కొంతవరకు అద్దంలాగ ప్రవర్తిస్తుంది. అది మనకు చూపేది తన రంగును మాత్రమే కాదు, తనకు ఎదురుగా ఉన్నదానిని కూడా: ఆకాశాన్ని, మబ్బును, కింద ఎండపడిన నేలను. చిత్రకారుడు ఒక బారెడు పక్కకు జరిగితే మదనిక భుజం మీది తళుకు మోకాలి మీదికి వస్తుంది. పైగా కామెరాలోని కాంతిమాపకం ప్రతి వస్తువునూ మధ్యస్థమైన బూడిదరంగుగా భావించి లెక్క కడుతుంది. దాని మాట వింటే నల్లని మదనిక వెలిసిపోయి, పక్కనే నిలబడ్డ తెల్ల పంచె రైతు ఒక్కడినే తీస్తే మాసిపోయి వస్తారు. ఎంత తగ్గించాలో, ఎంత పెంచాలో తెలుసుకోవడం ఒక పూట పని కాదు.

సూర్యుని సంగతి మరీ ఆసక్తికరమైనది. పాలంపేట సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. సరిగా తూర్పున ఉదయించడం ఏడాదికి రెండుసార్లే. జూను 21 ప్రాంతంలో తూర్పునుండి ఉత్తరంగా దాదాపు 25 డిగ్రీలు జరిగి, డిసెంబరులో అంతే దక్షిణంగా జరిగి ఉదయిస్తాడు. డిసెంబరు ఉదయం దక్షిణపు వైపు చెక్కడాలపై పాకే ఏటవాలు ఎండ, జూనులో ఉత్తరపు వైపున పాకుతుంది. ఏటవాలు వెలుతురులో రవంత ఎత్తు ఉన్న గీత కూడా నీడ వేస్తుంది కనుక శిల్పం లేచి నిలబడినట్లు ఉంటుంది. ఎదురెండలో ఆ శిల్పమే చదునైపోతుంది. రామప్పను ఒక పర్యాయం చూచినవాడు ఏడాదిలో ఒక్క రోజును చూచినట్లు లెక్క.

పాఠశాలలో ఇదే పని జెండాకర్రతో చేయవచ్చును. ప్రతి పదిహేను రోజులకు ఒకసారి, సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు, ఒకేచోట నిలబడి దాని నీడను ఫోనుతో చిత్రించాలి. నీడ ఎంత పొడవుండగలదో విద్యార్థి ముందుగా కాగితం మీద వ్రాసిపెట్టుకోవాలి. మహబూబాబాదులో మే రెండవ వారంలోను, ఆగష్టు మొదటి రోజులలోను మిట్టమధ్యాహ్నం నీడ కర్ర మొదట్లోనే కలిసిపోతుంది; ఆ రెంటికీ నడుమ నీడ దక్షిణానికి తిరుగుతుంది. ఒకే కర్ర, ఒకే చోటు, అయినా అనుకొన్నదానికీ వచ్చినదానికీ తేడా ఉన్నంతకాలం విసుగుకు చోటు లేదు. షుల్ట్స్ కోతులు చెప్పినది కూడా ఇదే.

శ్రద్ధ విషయంలో 2014 లో అమెరికాలో లిండా హెంకెల్ ప్రకటించిన పరీక్ష ఒకటి ఉపాధ్యాయులు గమనించదగినది. విద్యార్థులను చిత్రశాలకు తీసుకువెళ్ళి కొన్ని వస్తువులను ఊరక చూడుమన్నది, కొన్నిటిని ఫోటో తీయమన్నది. మరునాడు అడిగితే, ఫోటో తీసిన వస్తువుల వివరాలే తక్కువ జ్ఞాపకమున్నాయి. జ్ఞాపకం ఉంచుకొనే భారాన్ని కామెరాకు అప్పగించివేశారన్నమాట. అయితే వస్తువులో ఒక భాగాన్ని ఎన్నుకొని దగ్గరగా చూపిస్తూ తీసినవారికి ఈ నష్టం కలుగలేదు. కాబట్టి దోషం కామెరాది కాదు, ఎన్నిక లేకుండా మీట నొక్కడానిది. రీలుకు 36 బొమ్మలే ఉన్న రోజులలో ఈ ఎన్నిక విధిగా జరిగేది.

ఇక అలసట. పైన చెప్పిన ఉపాయాలు వృత్తిశ్రాంతికి పనిచేయవు సరిగదా, బెడిసికొట్టవచ్చును కూడా. ఆరునెలలు రాత్రింబవళ్ళు పనిచేసినవానితో "రోజూ తెల్లవారుజామున రామప్పకు పో" అనడం, వరికోత ముగించి వచ్చిన కూలీకి కసరత్తు నేర్పడం వంటిది.

ఈ స్థితిని 1974 లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త వర్ణించాడు. తరువాత క్రిస్టీనా మాస్లాక్ దీనిని కొలిచే పద్ధతిని రూపొందించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లో దీనికి ఇచ్చిన నిర్వచనంలో మూడు లక్షణాలు ఉన్నాయి: సత్తువ ఉడిగిపోవడం, పనిమీద విముఖత లేదా ఎగతాళిభావం కలగడం, చేసిన పనికి ఫలితం లేదనిపించడం. ఇది వ్యాధి కాదనీ, పనిచేసే పరిస్థితులనుండి పుట్టే స్థితి అనీ ఆ సంస్థ స్పష్టంగా చెప్పింది. విసిగినవాడు వేరొక బొమ్మ కోసం వెదుకుతాడు. అలసినవాడికి ఏ బొమ్మా అక్కరలేదు. రెంటినీ వేరుచేసే గుర్తు ఇదే. వారాల తరబడి నిద్ర పట్టక, ఏ విషయంలోనూ సంతోషం లేకపోతే అది ఈ రెండూ కాకపోవచ్చును, వైద్యునికి చూపించుకోవాలి.

పెళ్ళి ఫోటోలు తీసేవారికి ఈ అలసట రావడంలో ఆశ్చర్యం లేదు. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలు శరీరం అతి మందంగా ఉండే సమయం. ముహూర్తాలేమో తరచు అప్పుడే. పగలు వేలకొద్దీ బొమ్మలలో నుండి ఆల్బంకు కావలసినవి ఏరాలి. తెర వంక చూస్తున్నంతసేపు రెప్పలు కొట్టడం బాగా తగ్గి కళ్ళు మండుతాయి. కేంబ్రిడ్జిలో మాక్‌వర్త్ 1948 లో ప్రకటించిన ప్రయోగం ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి. గడియారపు ముల్లు ఎప్పుడో ఒకసారి రెండు గంతులు వేస్తుంది, దానిని కనిపెట్టి ఉండాలి. అరగంట దాటేసరికి మంచి దృష్టి గల సైనికులు కూడా గంతులను గమనించలేకపోయారు. అరగంట పని, అరగంట విశ్రాంతి చొప్పున మార్చితే ఆ నష్టం కనబడలేదు. ఆరుగంటలు ఏకబిగిన కామెరా పట్టుకొన్న మనిషి, తల్లి కంట నీరు తిరిగిన ఒక్క క్షణాన్ని జారవిడిచాడంటే అది నేర్పు లేక కాదు.

డబ్బు పాత్ర కూడా ఉన్నది. 1973 లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు రంగుకలాలతో బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలను ఎన్నుకొన్నారు. కొందరికి "బొమ్మ వేస్తే బహుమానపత్రం ఇస్తాము" అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ లేదు. కొన్నాళ్ళ తరువాత చూస్తే, బహుమానం కోసమని వేసిన పిల్లలు తక్కినవారితో పోలిస్తే దాదాపు సగం సేపే కలాలు పట్టుకొన్నారు. సరదా జీవనోపాధిగా మారినప్పుడు జరిగేది కొంతవరకు ఇదే. అంతమాత్రాన కూలి తీసుకోవడం తప్పని అర్థం కాదు. ఎవరికీ అమ్మవలసిన పనిలేని బొమ్మలు కొన్ని విడిగా ఉండాలని మాత్రం చెప్పవచ్చును.

ప్రభుత్వ ఇంజనీరుగా ఉంటూ సరదాకు ఫోటోలు తీసిన లాలా దీన్‌దయాళ్ (1844-1905) 1885 ప్రాంతంలో సెలవు తీసుకొని, తరువాత ఉద్యోగమే విడిచి, ఆరవ నిజాం ఆస్థాన చిత్రకారుడైనాడు. ఆ స్టూడియో పనినంతా ఆయన ఒక్కడే నెత్తిన వేసుకోలేదు. 1892 లో హైదరాబాదులో స్త్రీలకోసం తెరిచిన ప్రత్యేక స్టూడియోను ఒక ఆంగ్లేయ వనితకు అప్పగించాడు. ఈనాడు జిల్లా పట్టణాలలో ఒక్కడే పెళ్ళికి వెళ్ళి, ఒక్కడే ఏరి, ఒక్కడే ఆల్బం కూర్చి, బాకీకి తిరిగేది కూడా తానే అయిన వారికి ఇద్దరు ముగ్గురు కలిసి వంతులవారీగా పనిచేయడం ఏ కొత్త కామెరాకంటెనైనా మేలు.

అటువంటివారికి పంచాంగమే ఒక సెలవును ఇస్తున్నది. ఆషాఢం శూన్యమాసం గనుక ముహూర్తాలు ఉండవు. ఈ రోజులను పలువురు ఆదాయం లేని కాలంగా లెక్కించి దిగులుపడతారు. మొదటి పదిహేను రోజులు కామెరా సంచి విప్పకుండా, రాత్రులు నిండా నిద్రపోవడం అలసటకు తగిన చికిత్స. ఆ తరువాత కూడా సూర్యుడు తూర్పుకు 20 డిగ్రీలకు మించి ఉత్తరంగానే ఉదయిస్తుంటాడు. మబ్బు విడిచిన ఉదయాన రామప్ప ఉత్తరద్వారపు చెక్కడాలపై ఏటవాలు ఎండ పడేది ఈ రోజులలోనే. మబ్బు విడువకపోతే ఆకాశమంతా ఒకే దీపమై, నల్లని మదనికల మీద కరకు తళుకులు లేకుండా మెత్తని వెలుతురు పరుచుకొంటుంది.