పనిచోట మాట, మన్నన, మౌనం: నాయకుడు - బృందం మధ్య తెలుగు భాషారూపాలు (సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నేపథ్యం)

వ్యాస సంగ్రహం:
పనిచోట నాయకుడికి, బృందానికి మధ్య జరిగే సంభాషణను సాధారణంగా నిర్వహణశాస్త్ర దృష్టితో పరిశీలిస్తారు. ఈ వ్యాసం దానిని తెలుగు భాషారూపాల వైపు నుంచి చూస్తుంది. సంబోధన, సర్వనామం, క్రియారూపం కింది ఉద్యోగి నోటిని ఎలా తెరుస్తాయో, ఎలా మూస్తాయో వివరించడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: సంబోధన, బంధువాచకం, మనం - మేము, కర్త లోపం, పనిచోటి భాష.

1. ఉపోద్ఘాతం:
1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైన తరువాత ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలలో వరిసాగు విస్తరించింది. ఆ వడ్లే మిర్యాలగూడను బియ్యం మిల్లుల పట్టణంగా నిలిపాయి. హైదరాబాదు - విజయవాడ రహదారి మీది సూర్యాపేట, కోదాడ వ్యాపార, విద్యా కేంద్రాలుగా ఎదిగాయి. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడడంతో అక్కడ జిల్లాస్థాయి కార్యాలయాలు నెలకొన్నాయి. యజమాని - గుమాస్తా, అధికారి - సిబ్బంది, ప్రిన్సిపాల్ - అధ్యాపకుడు మాట్లాడుకునేది ప్రధానంగా తెలుగే. కనుక పనిచోటి చిక్కులకు మూలాలను భాషలోనూ వెతకవలసి ఉంది.

2. 'దొరా' నుంచి 'అన్నా' వరకు:
నిజాం పాలనలో ఈ ప్రాంతపు వెట్టి వ్యవస్థ తనదైన మాటతీరును పెంచింది. "నీ బాంచెను, కాల్మొక్త" అన్న పలుకులో జవాబు ఉంది గాని సమాచారం లేదు. అది లొంగుబాటును తెలుపుతుంది. చెప్పిన పని సాధ్యమా, కాదా అన్నది తెలుపదు.

1944 భువనగిరి ఆంధ్ర మహాసభ తరువాత సంఘం పల్లెల్లోకి విస్తరించింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో పోరాటం ఉధృతమైంది. ఆ ఉద్యమంలో 'అన్న', 'అక్క' అనే బంధువాచకాలు నాయకుల సంబోధనలయ్యాయి. సూర్యాపేట ప్రాంతానికి చెందిన మల్లు స్వరాజ్యం అజ్ఞాతంలో 'రాజక్క'గా పేరొందడం ఇందుకు ఉదాహరణ. దళానికి వార్త కిందినుంచి, ఆలస్యం లేకుండా, ఉన్నదున్నట్టు అందాలి. దొరకు చెప్పలేని చేదువార్తను అక్కకు చెప్పవచ్చు.

అయితే బంధువాచకం దానంతటదే సమానత్వాన్ని తేదు. యజమానిని 'అన్నా' అని పిలిచే చోట న్యాయంగా రావలసిన కూలి అడగడానికే మొహమాటం అడ్డురావచ్చు.

3. సర్వనామాల ఎంపిక:
హిందీ 'హమ్'కు లేని భేదం తెలుగులో ఉంది: వినేవారిని కలుపుకుంటే 'మనం', మినహాయిస్తే 'మేము'. "మనం ఈ వారంలో పూర్తిచేయాలి" అని పని అప్పగించిన అధికారి, పని మెచ్చుకోలు పొందినప్పుడు "మేము చేశాం" అని, చెడినప్పుడు "మీరు చెడగొట్టారు" అని అంటే బృందం ఆ మార్పును వెంటనే పసిగడుతుంది. నాయకుడి మాటమీద నమ్మకం నిలిచేది పొరపాటు జరిగిన రోజున కూడా 'మనం' మారనప్పుడే.

'నువ్వు', 'మీరు'ల విషయమూ ఇటువంటిదే. తెలంగాణ పల్లె వాడుకలో "సారూ, నువ్వు చెప్పు" అన్నప్పుడు మన్నన 'సారూ'లో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ సరిహద్దున ఉన్న కోదాడ వంటి చోట, 'మీరు'కు అలవాటుపడిన అధికారి దానిని అమర్యాదగా పొరబడే అవకాశం ఉంది.

4. క్రియారూపాలు:
4.1. "ఇందుమూలంగా తెలియజేయడమైనది" అనే కార్యాలయ వాక్యంలో కర్త కనిపించడు. ఎవరు నిర్ణయించారో తెలియనప్పుడు సందేహం ఎవరిని అడగాలో కూడా తెలియదు.

4.2. "చేస్తాను" అన్న రూపం అలవాటునూ, భవిష్యత్తునూ రెండింటినీ చెబుతుంది, గడువును చెప్పదు. "చూస్తాను" చాలాసార్లు మర్యాదగా చెప్పిన 'కాదు'.

4.3. "జీతాలు ఆలస్యమవుతాయట" అనడంలో 'అట' విన్నమాటను సూచిస్తుంది. నాయకుడు నేరుగా చెప్పవలసింది చెప్పనప్పుడు బృందం 'అట'లో మాట్లాడుకుంటుంది. సిబ్బంది గదిలో 'అట' పెరుగుతున్నదంటే సమాచారం దారి తప్పిందన్నమాట.

5. అన్వయం - బియ్యం మిల్లు:
ఉప్పుడు బియ్యం తయారీలో వడ్లను నానబెట్టి, ఆవిరిపట్టి, ఆరబెట్టి, ఆపై మర ఆడిస్తారు. తేమ తగినంత తగ్గకముందే మర ఆడిస్తే గింజ విరిగి నూక పెరుగుతుంది. ఆ తేమ ముందుగా తెలిసేది డ్రయ్యర్ దగ్గరి కార్మికునికి. లారీ ఎదురుచూస్తుండగా యజమాని "అయిందా?" అని అడిగితే "అయింది సార్" అన్నదే సులువైన జవాబు. "ఇంకా ఎంతసేపు ఆరాలి?" అని అడిగితే ఆ కార్మికుని అనుభవానికి చోటు దొరుకుతుంది. మొదటి ప్రశ్న అంగీకారాన్ని కోరుతుంది. రెండవది సమాచారాన్ని కోరుతుంది. బాయిలర్ దగ్గర ఈ తేడా నూకకు కాదు, ప్రాణానికి సంబంధించినది.

కళాశాలలకూ ఇదే వర్తిస్తుంది. "సిలబస్ పూర్తయిందా?" అన్న ప్రశ్నకు రిజిస్టరు నిండుతుంది. "విద్యార్థులు ఏ పాఠం దగ్గర ఆగిపోతున్నారు?" అన్న ప్రశ్నకు బోధన బాగుపడుతుంది. ఉద్యోగ భద్రత లేని అతిథి అధ్యాపకుడు మొదటి ప్రశ్నకు 'కాలేదు' అని చెప్పడం మరింత కష్టం.

6. ముగింపు:
పై పరిశీలన నాలుగు ఆచరణ సూత్రాలను సూచిస్తున్నది. ఉత్తర్వులో నిర్ణయకర్తను పేర్కొనాలి. పని అప్పగించేటప్పుడు గడువును ఇద్దరూ కలిసి పలకాలి. 'అవును' రాబట్టే ప్రశ్నకు బదులు వివరం రాబట్టే ప్రశ్న వేయాలి. చేదువార్త తెచ్చినవారిని శిక్షించరాదు. నాలుగవది లేనిచోట మొదటి మూడూ అలంకారాలే. నాయకుడు ఎంత చక్కగా మాట్లాడాడన్నది సంభాషణకు కొలమానం కాదు. అతని ఎదుట కింది ఉద్యోగి 'కాదు' అన్న మాటను భయం లేకుండా పలకగలిగాడా అన్నదే కొలమానం.