కంటిలోపలి పరివారం

కత్తి పెట్టకుండా మన లోపలి రక్తనాళాలను తేటగా చూడడానికి ప్రకృతి ఒక కిటికీ పెట్టింది. అది కన్ను. 1851లో హెల్మ్‌హోల్ట్స్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు తాను చేసిన పరికరాన్ని లోకానికి వెల్లడించాక, డాక్టర్లు కంటిపాపలోంచి తొంగిచూసి, వెనకవైపు పరుచుకున్న రెటీనానూ, దానిమీద చెట్టుకొమ్మల్లా పాకిన నాళాలనూ చూడసాగారు. అయితే ఆ కొమ్మల చివర ఉండే కేశనాళికలను చుట్టుకుని కూర్చున్న కణాలు మాత్రం ఆ చూపుకు అందవు.

కేశనాళిక అని పేరేగాని, అది వెంట్రుకకంటె ఎంతో సన్నం. ఎర్రకణాలు ఒళ్లు ముడుచుకుని ఒకదాని వెనక ఒకటిగా దూరిపోవాలి. దాని గోడ ఒక్క వరుస కణాలే. ఆ గోడ వెలుపల, పిల్లనగ్రోవిని పట్టుకున్న వేళ్లలాగ, చేతులు చాచి నాళాన్ని అల్లుకునే కణాలను 1873లో రూజే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. ఇవి నాళాన్ని నొక్కి ఇరుకు చేస్తాయని ఆయన ఊహ. 1923లో జిమ్మర్‌మన్ వీటికి ‘పెరిసైట్’ అని పేరు పెట్టాడు. గ్రీకులో ‘పెరి’ అంటే చుట్టూ. మన పరివారం, పరివేషం అనే మాటల్లోని ‘పరి’కి అది దగ్గర చుట్టమే. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఇంతకన్న ఏం కావాలి!

కండరాలలో గోడకణాలు నూరుంటే పెరిసైట్ ఒకటి ఉండడం గగనం. రెటీనాలోనో, ఇంచుమించు ఒకదానికి ఒకటి. ఒంట్లో మరెక్కడా ఇంత కాపలా లేదు. రూజే ఊహ కూడా వృథా పోలేదు. 2006లో లండనులో పరిశోధకులు ఎలుక రెటీనాలోని పెరిసైట్‌కు విద్యుత్తు తగిలిస్తే, అది ఉన్నచోటనే నాళం ఇరుకైంది. 2020లో మరో చిత్రం బయటపడింది. చిట్టెలుక రెటీనాలో, వేరువేరు నాళాలమీది పెరిసైట్లు అతి సన్నని గొట్టాలతో ఒకదాన్నొకటి అందుకుని, ఒకచోట నాళం విప్పారితే మరొకచోట బిగిసేటట్టు రక్తాన్ని పంచుకుంటున్నాయి.

ఈ కాపలా తప్పుకుంటే ఏమవుతుంది? 1960లో అమెరికాలో కువబార, కోగన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, చనిపోయినవారి కళ్లనుంచి తీసిన రెటీనాను ట్రిప్సిన్‌లో నానవేసే పద్ధతి ప్రకటించారు. ట్రిప్సిన్ అంటే మాంసకృత్తులను అరిగించే క్లోమరసం. మెత్తటి భాగమంతా కరిగిపోయి, నాళాల వల ఒక్కటే సాలెగూడులా గాజుపలకమీద మిగిలింది. మరుసటి ఏడు మధుమేహ రోగుల కళ్లను ఇలాగే పరీక్షిస్తే, పెరిసైట్లు ఉండవలసిన చోట్ల ఖాళీ సంచులు కనిపించాయి. వాటికి ‘దయ్యాలు’ అని పేరు పడింది. ఇన్సులిన్‌ను ఇచ్చేదీ క్లోమమే, ఆ కొరత చేసిన చేటును బయటపెట్టిన రసమూ క్లోమానిదే!

ఆసరా పోయిన నాళపు గోడ అక్కడక్కడ బుడిపెలు కడుతుంది, కారుతుంది. మందుచుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేసి చూసే డాక్టరుకు ఆ బుడిపెలు సన్నటి ఎర్రచుక్కలుగా కనిపిస్తాయి. పెద్దవయసులో వచ్చే మధుమేహం బయటపడగానే, చూపు బాగున్నా సరే, కంటిపరీక్ష చేయించమనేది అందుకే. అప్పటికింకా ఆ మనిషి వరండాలో కూర్చుని సీరియల్ ఆఖరి పేజీదాకా చదువుకుంటూనే ఉంటాడు. ఒక్క అక్షరమైనా చెదరదు.