నక్క దేవుడు కాదు బాస్! ఫుషిమి ఇనారిలో నేను డిలీట్ చేసిన వీడియో

ఈ ఎపిసోడ్ నిజానికి రెండుసార్లు షూట్ చేశా. మొదటిసారి తీసింది మొత్తం డిలీట్. ఎందుకో చెప్తా.

ప్లేస్ జపాన్‌లోని క్యోటో, ఫుషిమి ఇనారి తైషా అనే షింటో గుడి. మీ ఫీడ్‌లో కచ్చితంగా చూసుంటారు, ఎర్రటి ద్వారాల సొరంగంలో ఎవరో ఒకరు నడుస్తూ వెనక్కి తిరిగి నవ్వుతుంటారు. అదే ఇది. క్యోటో స్టేషన్‌లో నారా లైన్ లోకల్ ట్రైన్ ఎక్కితే రెండో స్టాప్. టికెట్ లేదు, రాత్రయినా మూయరు.

ఒసాకాలో జాబ్ చేస్తున్న మా బీటెక్ రూమ్మేట్ నాతో వచ్చాడు. ముందు రోమోన్ అనే పెద్ద ద్వారం వస్తుంది. అప్పట్లో జపాన్‌ని ఏలిన తొయొతోమి హిదెయోషి తల్లి జబ్బు తగ్గాలని మొక్కుకుని 1589లో కట్టించాడంటారు. దాని ముందు రెండు నక్కల విగ్రహాలు. ఒకదాని నోట్లో తాళంచెవి, ఇంకోదాని నోట్లో మణి. నేను వెంటనే ఫోన్ తీసి "గైస్, వీళ్లు నక్కని దేవుడిగా పూజిస్తారు!" అని మొదలెట్టేశా.

మావాడు నవ్వుతూ అన్నాడు: "ఒరేయ్, శివాలయంలో నందిని చూపించి, వీళ్ల దేవుడు ఎద్దు అంటే నీకెలా ఉంటుంది?"

దెబ్బకి రికార్డింగ్ ఆపేశా.

అసలు దేవుడు ఇనారి. వరికి, పంటకి, తర్వాత్తర్వాత వ్యాపారానికి కూడా దేవుడు. ఈ గుడిలో ఐదుగురు దేవతలకి పూజ జరుగుతుంది, ఆ ఐదుగురినీ కలిపే ఇనారి అంటారు. నక్కలు వాళ్ల దూతలు. నంది లాగా వాహనం కూడా కాదు, కబురు మోసేవాళ్లు. అవి అడవిలో తిరిగే నక్కలు కావు, దేవుడిలాగే కంటికి కనపడని తెల్ల నక్కలు అని గుడివాళ్లు చెప్తారు. నోట్లో తాళంచెవి ధాన్యం కొట్టుది అంటారు. ఇంకొన్ని నక్కలు వరి కంకి పట్టుకుని ఉంటాయి.

మరి నక్కే ఎందుకు? చాలా కారణాలు చెప్తారు. పొలంలో ఎలకల్ని తింటుంది, అదొకటి. నాకు నచ్చింది మాత్రం, దాని తోక పండిన వరి కంకిలా ఉంటుందనేది. మనం కూడా ఎవడికైనా కలిసొస్తే "నక్క తోక తొక్కావురా" అంటాం కదా! రెండింటికీ లింక్ ఏమీ లేదు, ఊరికే గుర్తొచ్చింది.

నిజమైన లింక్ ఇంకోటి ఉంది. మన దేశంలోని డాకిని, బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరి దాకినితెన్ అయింది. అక్కడ ఆమె తెల్ల నక్క మీద కూర్చుంటుంది. కాలక్రమంలో ఇనారితో కలిసిపోయింది. అందుకే ఇనారికి షింటో గుళ్లే కాదు, బౌద్ధ ఆలయాలు కూడా ఉన్నాయి.

ఈ గుడి 711లో మొదలైందని చెప్తారు. కథేంటంటే, హతా వంశంలో ఇరోగు అనే ధనవంతుడు అన్నపు ముద్దని, అదే మోచీని, గురిగా పెట్టి బాణం వేశాడట. అన్నంతో ఆటలు! మోచీ తెల్ల పక్షిగా మారి కొండ మీదికి ఎగిరిపోయింది. అది వాలిన చోట వరి మొలిచింది. "ఇనే" అంటే వరి, అందులోంచే ఇనారి పేరు వచ్చిందంటారు. అన్నం పారేస్తే మా నాయనమ్మ తిట్టే తిట్లు గుర్తొచ్చాయి.

ఇక కొండ. ఎత్తు 233 మీటర్లే కానీ చుట్టి రావడానికి రెండు మూడు గంటలు పడుతుంది. దారి పొడవునా ఆ ఎర్రటి ద్వారాలు. తోరీలు అంటారు, మొత్తం 10,000 దాకా ఉంటాయట. ఎక్కేటప్పుడు ఉత్త ఎరుపే కనిపిస్తుంది. దిగేటప్పుడు చూస్తే ప్రతి స్తంభం మీద నల్లటి అక్షరాలు. ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అని. చాలావరకు కంపెనీల పేర్లు, షాపుల పేర్లు. సైజుని బట్టి లక్షల యెన్లు అవుతుంది. చెక్క కదా, కొన్నేళ్లకి పాడైపోతుంది, తీసేసి కొత్తది పెడతారు.

పైకి వెళ్లేకొద్దీ జనం తగ్గి, వేరే లోకం మొదలవుతుంది. ఒత్సుకా అని వేలకొద్దీ చిన్న రాళ్లు ఉంటాయి. మామూలు జనం తమ దేవుడికి తామే ఒక పేరు పెట్టుకుని రాయి మీద చెక్కించి నిలబెట్టినవి. వాటి ముందు బుల్లి నక్కలు, బుల్లి తోరీలు. నాకు ఫొటోలు వచ్చే సొరంగం కంటే ఇదే ఎక్కువ నచ్చింది. ఒకావిడ ఒక రాయి ముందు చీపురుతో ఆకులు ఊడుస్తోంది. కెమెరా జేబులో పెట్టేశా.

దిగుతూ ఒకుషా అనే చోట ఆగాం. అక్కడ రాతి దీపస్తంభం మీద గుండ్రటి రాయి ఉంటుంది, ఒమోకారు ఇషి. ముందు కోరిక కోరుకోవాలి, తర్వాత రాయి ఎత్తాలి. అనుకున్నదానికన్నా తేలిగ్గా అనిపిస్తే కోరిక తీరుతుంది. బరువనిపిస్తే కష్టం.

నేను జాబ్ మానేసి ఏడు నెలలు. నాన్న దగ్గర ఏడాది టైమ్ అడిగా. ఇంకో ఐదు నెలలు ఉంది. ఏం కోరుకున్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది. సరే, ఎంత బరువుంటుంది, ఓ ఐదు కిలోలు అనుకుని చెయ్యేశా.

కదలడానికే టైమ్ పట్టింది!

మావాడు పక్కనుంచి, "ఆఫీసులో కూడా నీ ఎస్టిమేట్ ఎప్పుడూ ఇంతే కదరా. రెండ్రోజులు అంటావ్, రెండు వారాలు తీసుకుంటావ్" అన్నాడు. మళ్లీ ఎత్తుదామా అంటే, వెనక క్యూలో పదిమంది ఉన్నారు. కిందికొచ్చి రోమోన్ ముందు నిలబడి ఇంట్రో మళ్లీ షూట్ చేశాం. రాయి ఎత్తిన క్లిప్ మాత్రం కట్ చేయకుండా చివర్లో పెట్టా, చూసి నవ్వుకోండి.