ఇంటి కంప్యూటరులో మొదటి వెబ్‌సైటు

కంప్యూటరు ఉన్న ఇళ్ళలో పిల్లలు ఒకనాడు తప్పక అడిగే మాట ఒకటుంది: "నాన్నా, మనమూ ఒక వెబ్‌సైటు పెట్టుకుందామా?" మా ఇంటిలోనూ ఆ మాట వచ్చింది. మా నాన్నగారు ఎన్నో యేండ్లు వానలు, విత్తులు, దిగుబడుల గూర్చి నోటుబుక్కులలో వ్రాసి ఉంచారు. దూరాన ఉన్న బంధువులు కూడ చదువుకొనేలా వాటిని వెబ్‌సైటులో పెట్టాలని అనుకొన్నాము. ఉచితంగా దొరికిన ఒక సేవలోని రంగులు, బొమ్మలు చూచి ముచ్చటపడి, వేసవి సెలవులంతా కూర్చుండి టైపు చేశాము. కొన్నాళ్ళకు ఆ సేవ మూతపడింది. మేము విడిగా కాపీ తీసుకొనలేదు. ఈలోగా నోటుబుక్కులలో సగము చెదలు తిన్నవి. పోయినది మరల రాలేదు. మా పొరపాటు మీ ఇంట జరుగకూడదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

వెబ్‌సైటు అంటే మాయ ఏమీ లేదు. హెచ్.టి.ఎమ్.ఎల్. అనే గుర్తులతో కూడిన సాదా అక్షరాల ఫైళ్ళు, కొన్ని బొమ్మలు, అంతే. ఏది శీర్షికో, ఏది పేరానో ఆ గుర్తులు చెప్తాయి. బ్రౌజరు వాటిని చదివి పేజీగా చూపుతుంది. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ 1990లో తయారుచేసిన మొదటి బ్రౌజరులో పేజీలను చూడటమే గాక వ్రాయడానికి కూడ వీలుండేది. ఆ మొదటి వెబ్‌సైటును సెర్న్‌వారు 2013లో దాని పాత చిరునామాలోనే మరల ఉంచారు. అది నేటి ఫోనులో కూడ తెరుచుకొంటుంది.

పేజీలు తయారుచేసే సాధనాలు మాత్రము అంతకాలము నిలువలేదు. మైక్రోసాఫ్ట్ 1996లో కొనుక్కొన్న ఫ్రంట్‌పేజ్ ఎందరికో మొదటి పాఠము నేర్పింది; 2006లో దానిని ఆపివేశారు. యాహూవారి జియోసిటీస్ అమెరికాలో 2009లో మూతపడింది. అయితే భేదము గమనించండి. ఫ్రంట్‌పేజ్ ఆగిపోయినా, దానితో చేసిన ఫైళ్ళు ఇంటి కంప్యూటరులోనే మిగిలాయి. జియోసిటీస్‌లో నేరుగా వ్రాసి కాపీ ఉంచుకొననివారు చిక్కులో పడ్డారు. కాబట్టి సాఫ్ట్‌వేరును ఎంచుకొనేటప్పుడు "ఎంత అందంగా ఉంది?" అని గాక, "మన పని ఎవరి దగ్గర ఉంటుంది?" అని మొదట అడగాలి.

పబ్లీ అనేది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు. కంప్యూటరులో ఎక్కించుకొంటే, ఇంటర్నెట్ లేని వేళ కూడ వ్రాసుకొనవచ్చు. పేజీలు మన దగ్గరే తయారవుతాయి. మోబిరైజ్‌లో ముక్కలను ఒకదాని క్రింద ఒకటి పేర్చి, పేజీని మన ఫోల్డరులోనే దాచుకొనవచ్చు. కొన్ని హంగులకు మాత్రము వెల ఉంటుంది. గూగుల్ సైట్స్ అన్నిటికంటె తేలిక. బ్రౌజరు ఉంటే చాలు. కాని పేజీలు గూగుల్‌వారి దగ్గరే ఉంటాయి గనుక, వ్రాసినది మన కంప్యూటరులో కూడ దాచుకొనాలి.

రెండవది తెలుగు. ప్రెస్సులలో వాడే పాత ఫాంట్లతో టైపు చేసినది, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థములేని ఇంగ్లీషు అక్షరాలుగా కనబడుతుంది. యూనికోడ్‌లో టైపు చేసిన యెడల ఈ బాధ ఉండదు. ఎంచుకొన్న సాఫ్ట్‌వేరులో "స్త్రీ", "జ్ఞానము", "రాష్ట్రము" అని టైపు చేసి చూడండి. ఒత్తులు విడిపోకుండా నిలిస్తే మంచిది.

మూడవది, పేజీ ఫోనులో సరిగా కనబడాలి. చుట్టాలలో ఎక్కువమంది చదివేది అందులోనే గదా! అక్షరాలు చిన్నవై, ప్రక్కకు జరుపుకొంటూ చదవవలసివస్తే ఎవరూ రెండవ పేజీకి రారు.

నాలుగవది ఖర్చు. సాఫ్ట్‌వేరు ఉచితమైనా, సొంత చిరునామా పేరు కావాలంటే ఏటేటా రుసుము కట్టాలి. పేజీలను ఇంటర్నెట్‌లో ఉంచే చోటుకు కూడ చాలాసార్లు అద్దె ఉంటుంది. మొదటి యేడు తక్కువ చెప్పి తరువాత పెంచేవారు ఉన్నారు గనుక, రెండవ యేటి ధర ముందే అడగండి.

చివరిగా ఒక చిన్న పరీక్ష. ఒక సాయంకాలము పిల్లలతో కూర్చుండి ఒక్క పేజీ చేయండి. ఆ ఫోల్డరును పెన్‌డ్రైవులో వేసి, ఆ సాఫ్ట్‌వేరు లేని మరొక కంప్యూటరులో తెరవండి. పేజీ తెరుచుకొంటే ఆ సాఫ్ట్‌వేరు మీకు తగినదే. తెరుచుకొనకపోతే, ఎంత అందంగా ఉన్నా దానికి మీ సెలవులు ధారపోయవద్దు.

చెదలు వదిలిన నోటుబుక్కులను మేము మరల టైపు చేశాము. ఈసారి ఫైళ్ళు మా కంప్యూటరులో ఉన్నాయి; ఒక పెన్‌డ్రైవు అక్కగారింట బీరువాలో ఉంది. వెబ్‌సైటు ఉంటే సంతోషము. అది ఒకనాడు మూతపడినా, నాన్నగారి మాట మాత్రము మా ఇంటిలో ఉంటుంది.