డాక్టరుకు రెండేళ్లు, నర్సుకు ఐదేళ్లా?

“అక్కా, నన్ను జైల్లో వేస్తారా?”

మా పిన్ని కూతురు ఆ మాట అడిగిన రాత్రి ఇంకా నా కళ్లముందే ఉంది. తను ఓ నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సు. ఆరోజు ఇంజెక్షన్ చేసిన కాసేపటికే పేషెంటు ప్రాణం పోయింది. చెయ్యమని డాక్టరు గారు ఫోన్‌లో చెప్పారు, కాగితం మీద రాయలేదు. బంధువులు అద్దాలు పగలగొట్టారు. పోలీసులు వచ్చీ రాగానే “ఇంజెక్షన్ ఎవరు చేశారు?” అన్నారు.

గుండెపోటని తర్వాత పోస్టుమార్టంలో తేలింది. కానీ ఆ పిల్లకు నెలల తరబడి నిద్రలేదు. అప్పుడే ఎదురింటి లాయరు గారిని అడిగి కొన్ని సంగతులు తెలుసుకున్నాను.

వైద్యంలో జరిగిన ప్రతి చావూ నేరం కాదట. 1995లో లూధియానాలో ఊపిరాడని రోగికి పెట్టిన ఆక్సిజన్ సిలిండరు ఖాళీగా ఉంది. ఇంకోటి తెచ్చి అమర్చేలోగా ఆయన పోయారు. అయినా 2005లో సుప్రీంకోర్టు డాక్టర్ల మీద క్రిమినల్ కేసు కొట్టేసింది. అదే జేకబ్ మాథ్యూ కేసు. ఆసుపత్రి లోపానికి నష్టపరిహారం అడగొచ్చు గానీ, డాక్టరును నేరస్థుణ్ణి చెయ్యాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలంది. ముందు మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలనీ, ఊరికే అరెస్టు చేయకూడదనీ చెప్పింది.

ఇక శిక్ష సంగతి. పాత 304-ఎ సెక్షను కింద ఎవరికైనా గరిష్ఠంగా రెండేళ్లే. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షనులో అది ఐదేళ్లయింది. చికిత్స చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టరుకు మాత్రం రెండేళ్లే. మెడికల్ రిజిస్టరులో పేరున్న వాళ్లకే ఆ వెసులుబాటు. నర్సు పేరు అందులో ఉండదు కదా!

అంటే ఒకే మంచం దగ్గర, చెప్పినాయనకు రెండేళ్లు, చేసినామెకు ఐదేళ్ల దాకా! డాక్టర్లకు తగ్గించడం తప్పని నేననను. వాళ్ల మాట మీద పనిచేసే ఆడపిల్లకెందుకు తగ్గించలేదన్నదే నా బాధ.

మా చెల్లెలిప్పుడు ఫోన్‌లో ఏం చెప్పినా టైముతో సహా కేసు షీటులో రాసి, డాక్టరు రాగానే సంతకం పెట్టించుకుంటోంది. ఆయన విసుక్కున్నా సరే.

రోగి తరఫువాళ్లమైనప్పుడు మనం అడగాల్సిందీ ఆ కేసు షీటునే. కోరిన 72 గంటల్లో రికార్డులివ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలున్నాయి. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యంలో లోపముంటే రెండేళ్లలోపు వినియోగదారుల కమిషనుకు వెళ్లొచ్చు. అద్దాలు పగలగొడితే దక్కేదేమీ లేదు.

చట్టం రాసిన పెద్దలు మంచం పక్కన నిలబడే నర్సును మరిచిపోయారేమో. మనమైనా గుర్తుచెయ్యాలి, ఏమంటారు?