కాకతీయుల వంటింట్లో మిరపకాయలా?
చారిత్రక ప్రేమ నవలలపై పాఠకుల పెదవి విరుపు

వరంగల్లు: అట్ట మీద కోట, కత్తి పట్టిన రాజకుమారుడు, వాలుచూపుల రాజకుమారి. ఆశగా ఇంటికి తీసుకుపోయి చదివితే లోపల చరిత్రా లేదు, ప్రేమా పండలేదు. ఈ ప్రాంతంలోని శాఖా గ్రంథాలయాలకు వచ్చే పలువురు పాఠకులు చారిత్రక నవలల గురించి ఇలా వాపోతున్నారు.

కాకతీయుల కథ అని చదువుతుంటే కథానాయకునికి మిరపకాయ పచ్చడితో అన్నం వడ్డించారని మిరప పండించే రైతు ఒకరు నవ్వుతూ చెప్పారు. ఆయన నవ్వులో న్యాయం ఉంది. మిరప, పొగాకు అమెరికా ఖండపు పంటలు. 1498లో వాస్కో డ గామా కాలికట్టు చేరిన తరువాతనే పోర్చుగీసు ఓడల మీద మన దేశానికి వచ్చాయి. ఓరుగల్లు పతనమైనది 1323లో. ఆనాటి కూరల్లో కారం మిరియాలది.

కుట్టుపని చేసుకునే ఒక గృహిణి బాధ వేరు. రుద్రమదేవి పేరు చూసి పుస్తకం తెస్తే, ఆమె పుస్తకమంతా వెన్నెలలో నిట్టూరుస్తూనే ఉన్నదట! 1262 నుండి 1289 వరకు రాజ్యమేలి, శాసనాలలో రుద్రదేవ మహారాజుగా పేరు వేయించుకుని, దండెత్తి వచ్చిన దేవగిరి యాదవ మహాదేవుని తరిమికొట్టిన రాణి ఆమె. నిడదవోలు చాళుక్య వీరభద్రుని పెళ్లాడింది కూడా. ప్రేమ రాయదలచిన వారికి ఇంత కథ ఉండగా నిట్టూర్పులెందుకు?

నవల నవలే గాని పాఠ్యపుస్తకం కాదు కదా అని కళాశాల విద్యార్థి ఒకరు వాదించారు. అదీ నిజమే. కల్పన లేనిదే నవల లేదు. అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’, నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’ కూడా కల్పన కలిసినవే. అయినా వాటిని నేటికీ అడిగి తీసుకుపోయేవారున్నారు. చరిత్ర మౌనంగా ఉన్నచోట కల్పించడం వేరు, చరిత్ర నోరు విప్పిన చోట అబద్ధమాడడం వేరు. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో 1289 నాటి శాసనం రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జుననాయుడు శివసాయుజ్యం పొందిన సంగతి చెబుతున్నది. ఆ తరువాత కూడా ఆమెను సింహాసనంపై కూర్చోబెట్టే కథను పాఠకుడు ఎట్లా నమ్మాలి?

బడి మధ్యలో మానిన వారికి చరిత్ర తెలిసేది ఇటువంటి నవలల వల్లనే. అందులో తప్పుంటే అదే ఇంటింటా నిజమై కూర్చుంటుందని విశ్రాంత ఉపాధ్యాయుడొకరు ఆవేదన వ్యక్తం చేశారు.

ప్రతి చారిత్రక నవల చివర ఏది చరిత్రో, ఏది కల్పనో రెండు పుటలలో చెప్పాలని పాఠకులు ప్రచురణకర్తలను కోరుతున్నారు. రచయితలు కలం పట్టేముందు ఓరుగల్లు కోటను, ఊరి చివరి శాసనాన్ని ఒకసారి చూసి రావాలని కూడా సలహా ఇస్తున్నారు.